మీకు తెలుసా? గాలికి మూల దొరకని ఇల్లు

రిటైరయ్యాక సముద్రం ఒడ్డున మూడు సెంట్లలో చిన్న ఇల్లు వేసుకోవాలన్న కోరిక చాలామందికి ఉంటుంది. రంగుల పత్రికలు తిరగేస్తే ఆ ఇల్లు శంఖం ఆకారంలోనో, విరిగిపడే అలలాగానో కళ్లముందు లేస్తుంది. కానీ శంఖంలా కనిపించే ఇల్లు వేరు, శంఖంలా పనిచేసే ఇల్లు వేరు. తీరం మీద బతికే చెట్టూ పిట్టా గవ్వా గాలినీ ఉప్పునీ ఇసుకనీ ఎలా తట్టుకుంటున్నాయో, వాటిని చూసి మనుషులు ఏం నేర్చుకున్నారో, ఎక్కడ తప్పులో కాలేశారో చెప్పే ముచ్చట్లు కొన్ని ఇవి.

సైక్లోన్ అంటే పాము చుట్ట

బంగాళాఖాతం తుపాన్ల వివరాలన్నీ కలకత్తాలో కూర్చుని పోగేసిన హెన్రీ పిడింగ్టన్ 1840ల్లో 'సైక్లోన్' అన్న మాట పుట్టించాడు. గ్రీకులో దాని మూలానికి అర్థం పాము చుట్ట. తుపాను గాలి తిన్నగా వీచదు, సుడి తిరుగుతుంది అని చెప్పడానికి ఆ పోలిక. మన తాళ్లరేవు పక్కనున్న కోరంగి రేవును 1789లో ఒకసారి, 1839లో మరోసారి ముంచేసిన ఉప్పెనలు ఆ సుడులు తెచ్చినవే.

ఇల్లు కట్టేవాడికి ఈ పాము చుట్టలో ఒక హెచ్చరిక ఉంది. తుపాను కన్ను ఊరి మీదుగా పోతే, మొదట ఒక దిక్కు నుంచి కొట్టిన గాలి కాసేపు ఆగి, తర్వాత సరిగ్గా ఎదుటి దిక్కు నుంచి కొడుతుంది. 'గాలి వచ్చేది అటువైపు కదా, ఆ గోడొక్కటి గట్టిగా కడదాం' అన్న లెక్క అక్కడ చెల్లదు. ఏ దిక్కుకైనా ఒకే ముఖం చూపించే ఆకారం కావాలి.

ఆ ఆకారం మన దగ్గరే ఉంది

దాని పేరు చుట్టిల్లు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల్లో, కిందికి వస్తే తూర్పు గోదావరి దాకా, మన పెద్దవాళ్లు పుట్టి పెరిగిన ఇళ్లు అవి. గుండ్రటి మట్టిగోడ. దాని మీద గొడుగులా కూర్చున్న తాటాకు కప్పు. మట్టిని నీళ్లు పోసి కాళ్లతో తొక్కి, ముద్దలు చేసి, ఒక వరస పెట్టి, అది ఆరాక మరో వరస పెట్టి గోడ లేపేవారు. తొందరపడితే గోడ జారిపోతుంది. అందుకే ఎండాకాలం పని అది.

దీని అసలు తెలివి చూరులో ఉంది. కప్పు అంచు నేల వైపు ఎంత కిందికి దిగుతుందంటే, పెద్దమనిషైనా తల వంచకుండా లోపలికి అడుగు పెట్టలేడు. పైకి లేచిన చూరు కింద గాలి దూరితే కప్పును గొడుగులా తిరగేస్తుంది. ఇక్కడ గాలికి ఆ సందు లేదు. నేలను రాసుకుంటూ వచ్చిన గాలి వాలు మీదుగా పైకెక్కి అవతలికి దిగిపోతుంది, ఇసుక దిబ్బ మీదుగా పోయినట్టే. అదే చూరు మట్టిగోడను వాన నుంచీ కాపాడుతుంది. వాలు నిటారుగా ఉండబట్టి తాటాకు మీద నీళ్లు నిలవవు.

దేశం అటు చివర కచ్‌లో 'భుంగా' అనే గుండ్రటి మట్టి ఇళ్లున్నాయి. 2001 జనవరి 26 భూకంపంలో పక్కా ఇళ్లెన్నో కూలిన చోట చాలా భుంగాలు నిలబడ్డాయి. మూలలు లేని గోడకు కుదుపు చుట్టూ సమంగా పంచుకునే వీలుంటుంది. అక్కడ భూమి ఊగినా, ఇక్కడ గాలి ఊగించినా జవాబు ఒకటే దొరికిందన్నమాట.

ఇప్పుడు చుట్టిళ్లు అరుదైపోయాయి. తాటాకు నిప్పుకు భయం, కొన్నేళ్లకోసారి కప్పు మార్చాలి, నేసేవాళ్లు దొరకరు, గుండ్రటి మట్టిల్లంటే పేదరికానికి గుర్తన్న చిన్నచూపు సరేసరి. విశాఖ ప్రాంతపు చుట్టిల్లు ఒకటి చూడాలంటే చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్రకు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లొచ్చు. మన ఇంటిని మనం మ్యూజియంలో చూసి రావడం!

వృత్తం లెక్క, గాలి లెక్క

20 అడుగుల అడ్డుకొలత ఉన్న గుండ్రటి గదికి 314 చదరపు అడుగుల చోటు వస్తుంది. చుట్టూ గోడ పొడవు 63 అడుగులు. అదే చోటు చతురస్రంగా కట్టాలంటే 71 అడుగుల గోడ కావాలి. పది అడుగుల వెడల్పుతో పొడుగ్గా కడితే 83 అడుగులు. ఇటుక, సున్నం, కూలి అన్నీ గోడ పొడవును బట్టే కదా! ఎండకూ ఉప్పుగాలికీ ఒళ్లప్పగించే గోడ కూడా అంత తగ్గుతుంది.

ఇక గాలి. వేగం రెట్టింపైతే గోడ మీద నెట్టుడు నాలుగింతలవుతుంది. విశాఖ ప్రాంతానికి మన భారతీయ ప్రమాణం సెకనుకు 50 మీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దాదాపు అంత వేగంతోనే వచ్చింది. ఆ గాలి ఎదురుగా నిలబడ్డ ప్రతి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల బరువుతో నెడుతుంది. అయిదు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తున్న చదును గోడ మీద రెండు టన్నుల పైమాటే. గోడ వంపు తిరిగితే గాలి పక్కలకు జారుకుంటుంది. అదే చదును కప్పైతే అంచుల దగ్గరా మూలల దగ్గరా దాన్ని పైకి పీల్చేస్తుంది. తుపానులో ఇంటి మీద రేకు ఎగిరిపోవడం చాలాసార్లు మూల నుంచే మొదలవడానికి కారణం అదే.

పాత వల పారెయ్యరు

మత్స్యకారుల పల్లెల్లో తాటాకు కప్పు మీద చిరిగిన వల పరిచి, దాని అంచులకు ఇసుక మూటలో రాళ్లో కట్టి వేలాడదీయడం చూసే ఉంటారు. సాలెగూడు సూత్రమే ఇది. ఒక చోట గాలి లాగితే ఆ లాగుడు వల మొత్తానికి పంచుకుపోతుంది. మేకులు కొట్టిన రేకు ఊడేచోట ఇది నిలుస్తుంది. ఖర్చు? సున్నా.

తాటిచెట్టుకు చేవ బయట

వేపకో టేకుకో చేవ కాండం నడుమ ఉంటుంది. తాటికి అది తలకిందులు. గట్టి నారంతా అంచున, లోపల మెత్తటి బెండు. అందుకే తాటి దూలం చీల్చేవాళ్లు లోపలి భాగం తీసేసి బయటి పలకలే వాసాలకు వాడతారు. గాలికి వంగే స్తంభంలో అసలు ఒత్తిడంతా అంచుల మీదే పడుతుంది, నడిమి భాగం దాదాపు ఊరికే ఉంటుంది. ఈ సంగతి ఇంజినీరింగ్ చదివినవాళ్లకు తెలుసు, చదవని తాడిచెట్టుకూ తెలుసు. చిన్న ఇంటికి లావుపాటి నిండు స్తంభాల బదులు బోలు గొట్టాలో వెదురు బొంగులో చాలు అనడం వెనక ఉన్నది ఇదే తర్కం.

తాటాకు మరో పాఠం. అది చదునుగా ఉండదు, విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటుంది. చదును కాగితం చేత్తో పట్టుకుంటే వాలిపోతుంది, మడతలు పెడితే నిలబడుతుంది. పల్చటి వస్తువుకు బరువు పెంచకుండా బిగువు తెచ్చే ఉపాయం ఇది. మన అలల రేకులు చేసేదీ అదే పని. అయితే రేకుకు రాని విద్య ఒకటి తాటాకుకు వచ్చు. గాలి మరీ ముదిరితే ఆకు తన మడతలు దగ్గరికి ముడుచుకుని, గాలివాటుకు తిరిగి, ఒళ్లు చిన్నది చేసుకుంటుంది.

గుమ్మం ఎటు పెట్టాలో గిజిగాడిని అడగండి

గిజిగాడు సాధారణంగా చెట్టుకు తూర్పు వైపు గూళ్లు కడుతుంది. నైరుతి రుతుపవనాల గాలివాన నుంచి చెట్టే అడ్డు నిలుస్తుందని. గూటి ద్వారం కిందికి చూసే గొట్టం, వాన లోపలికి పడదు. మగపిట్ట ఒక గూడు అల్లడానికి 500 సార్ల దాకా నార మోసుకొస్తుంది. సగం కట్టి, టోపీలా కనిపించే దశలో ఆపి, ఆడపిట్టను పిలిచి చూపిస్తుంది. ఆవిడకు నచ్చితేనే మిగతా పని. (ప్లాను దశలో ఇంటావిడను అడగని మగవాళ్లు ఇక్కడ కాసేపు ఆగొచ్చు.) లోపలి గోడకు తడిమట్టి ముద్దలు కూడా మెత్తుతుంది. గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువు కోసమని కొందరి ఊహ.

మన ఇంటికి దీన్ని అన్వయిస్తే చిక్కు ఒకటుంది. మనకు సాయంత్రం చల్లగాలి తెచ్చేదీ సముద్రమే, తుపాను తెచ్చేదీ సముద్రమే. కాబట్టి సముద్రం వైపు కిటికీలు పెట్టాలి, కానీ గట్టి తలుపులతో మూసుకునేలా ఉండాలి. ఎదుటి గోడకు వాటికి జోడీ కిటికీలు లేకపోతే గాలి గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. పగలు సముద్రం నుంచి నేలకు, రాత్రి నేల నుంచి సముద్రానికి గాలి మళ్లుతుంది. రెండు వైపులా తెరుచుకునే ఇంటికి రెండు పూటలా పని జరుగుతుంది.

గవ్వ మళ్లీ గవ్వవుతుంది

సిమెంటు రాకముందు తీరప్రాంతపు ఇళ్లకు గుల్ల సున్నమే ఆధారం. నత్తగుల్లలు, ఆలిచిప్పలు బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరిచి, ఇసుకతో కలిపి ఎద్దులు తిప్పే గానుగలో నూరేవారు. గానుగ సున్నం అన్న పేరు అలా వచ్చిందే. పులికాట్ సరస్సు అడుగున పేరుకున్న పాత గుల్లలు సున్నానికి పేరుపడ్డవి.

ఇందులో రసాయన శాస్త్రం ముచ్చటగా ఉంటుంది. గుల్లంటే కాల్షియం కార్బొనేట్. బట్టీలో కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు వదిలేస్తుంది. గోడకు పూశాక ఏళ్ల తరబడి అదే వాయువును గాలిలోంచి తిరిగి పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేటే అవుతుంది. అంటే సున్నం పూసిన గోడ మెల్లమెల్లగా గవ్వగా మారుతుందన్నమాట. బట్టీలో కాల్చిన కట్టెల పొగ మాత్రం వెనక్కి రాదు, ఆ లెక్క దాచకూడదు. ఉప్పుగాలి తగిలే గోడకు సున్నం మరో మేలు చేస్తుంది. లోపలి చెమ్మను ఊపిరి తీసినట్టు బయటికి పోనిస్తుంది. దాని మీద ప్లాస్టిక్ రంగు పూస్తే ఆ ఊపిరి ఆగిపోయి, గోడ పొక్కులు పొక్కులుగా లేస్తుంది.

గవ్వలు కిటికీలకూ పనికొచ్చాయి. గోవాలో పాత ఇళ్ల కిటికీలకు గాజు ఉండేది కాదు. పల్చటి ముత్యపుచిప్పలను చెక్క చట్రాల్లో వరసగా బిగించేవారు. ఎండ లోపలికి పాలవెలుగులా దిగేది. ఆ జాతి ఆలిచిప్ప మన కాకినాడ అఖాతంలోనూ ఉంది. ఇప్పుడు దానికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది కనుక, ఏరుకొచ్చి కిటికీ చేయించుకుందామనుకోకండి.

ఇనుము ఉబ్బితే

సముద్రపు ఇసుకతో కాంక్రీటు కలిపితే ఏమవుతుంది? ఆ ఉప్పు లోపలి ఊచలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటును లోపల్నుంచే పగలగొడుతుంది. తీరప్రాంతానికి కనీసం ఎం-30 కాంక్రీటు, ఊచ మీద 45 మిల్లీమీటర్ల మందాన కాంక్రీటు పొర ఉండాలని ప్రమాణం. మేస్త్రి 'అంగుళం చాలండి' అంటే స్కేలు తీసి చూపించండి.

ఉప్పుపొన్న కాళ్లు, బల్లి తోక

కోరంగి మడ అడవిలో పడవెక్కి వెళ్తే ఉప్పుపొన్న చెట్టు గొడుగు ఊచల్లాంటి వేళ్ల మీద నిలబడి కనిపిస్తుంది. ఒకే మొదలు మీద బరువంతా మోపదు. బురద నేలలో ఏ ఒక్క వేరూ గట్టి ఆధారం కాదు కనుక ఏటవాలుగా పది కాళ్లు వేసుకుంటుంది. పోటు నీరు ఆ కాళ్ల మధ్యనుంచి వస్తుంది, పోతుంది, వస్తూ పోతూ తెచ్చిన మట్టిని అక్కడే వదులుతుంది. స్తంభాల మీద ఎత్తిన ఇంటికి నమూనా ఇదే. అయితే నిటారు స్తంభాలు మాత్రమే వేసి ఏటవాలు కట్టు లేకపోతే అది కొంగ కాలే, ఉప్పుపొన్న కాలు కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెన అయిదు మీటర్ల ఎత్తున వచ్చింది. పది వేల మందికి పైగా పోయారు. అంత నీటికి అడ్డంగా నిలబడాలని చూడటం కన్నా దారివ్వడమే తెలివి.

అమెరికా తీరంలో అలలు కొట్టే ప్రాంతాలకు ఒక విచిత్రమైన నియమం ఉంది. స్తంభాల మీద ఎత్తిన ఇంటి కింద గోడలు కట్టుకుంటే, అవి ఉప్పెన తగలగానే విరిగి కొట్టుకుపోయేలా కట్టాలి! గట్టిగా కడితే నీటి దెబ్బంతా స్తంభాలకు చేరి ఇల్లే పోతుంది. బల్లి తోక వదిలేసి ప్రాణం దక్కించుకున్నట్టు.

దిబ్బలో రెండు గుడ్లు

ఫ్లోరిడాలోని అట్లాంటిక్ బీచ్‌లో విలియం మోర్గాన్ అనే ఆర్కిటెక్టు 1975లో ఇసుక దిబ్బ లోపల జంట ఇళ్లు కట్టాడు. ఒక్కోటి 750 చదరపు అడుగులు. కాంక్రీటును గొట్టంతో చిమ్మి గుడ్డు పెంకులాంటి వంపులు తీశాడు, పైన మళ్లీ మట్టి కప్పి గడ్డి పెంచాడు. రోడ్డు మీంచి చూస్తే దిబ్బే కనిపిస్తుంది. సముద్రం వైపు మాత్రం రెండు కళ్లు తెరుచుకున్నట్టు గుండ్రటి వాకిళ్లు. గుడ్డు పెంకు పల్చగా ఉన్నా చుట్టూ సమంగా నొక్కితే పగలదు కదా, మట్టి బరువు అలాగే నొక్కుతుంది. పైనున్న మట్టి ఇంటిని చల్లగానూ ఉంచుతుంది.

మన దగ్గర దిబ్బ తవ్వడం మాత్రం వద్దు. ఊరికి మొదటి గోడ అదే. దాన్ని కట్టేది మేస్త్రి కాదు. మేక గిట్టల్లాంటి ఆకులూ ఊదా పూలూ ఉన్న తీగ, రావణాసురుడి మీసాలనే ముళ్లగడ్డి ఇసుకను పట్టుకుని ఆపుతాయి. ఇల్లు కట్టుకున్నవాళ్లు 'చెత్త' అని మొదట పీకించేది వీటినే.

పీత డొప్ప, పన్నెండడుగుల గుడిసె

ఫ్రాన్సులోని రోన్‌షాంప్ చర్చి కప్పు ఆలోచన, అమెరికాలోని లాంగ్ ఐలండ్ తీరంలో ఏరుకున్న పీత డొప్ప నుంచి వచ్చిందని లె కార్బూజియే చెప్పుకున్నాడు. చండీగఢ్‌కు రూపమిచ్చిన మహాశయుడు ఆయన. కానీ అంతటి మనిషి తన కోసం సముద్రం ఒడ్డున కట్టుకున్నది ఏమిటో తెలుసా? మధ్యధరా తీరంలో రోక్‌బ్రూన్ దగ్గర 12 అడుగులకు 12 అడుగుల చెక్క గుడిసె. మన లెక్కలో సెంటులో మూడో వంతు. 1951 డిసెంబరులో ఒక హోటల్లో కూర్చుని ముప్పావు గంటలో గీసేశాడట. దానికి ఆదర్శం గవ్వా కాదు, అలా కాదు, మనిషి ఒళ్లు. ఆరడుగుల మనిషిని ప్రమాణంగా పెట్టుకుని, ఆ ఎత్తుకు రెండింతలు గది పొడవు, చెయ్యి పైకెత్తితే అందేంత కప్పు ఎత్తు. వంటగది లేదు. పక్క హోటల్లోకి నేరుగా తలుపు ఉంది! 2016లో ఆయన కట్టడాలను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు చండీగఢ్ క్యాపిటల్ కాంప్లెక్స్‌తో పాటు ఈ గుడిసె కూడా అదే జాబితాలో ఎక్కింది.

చెదపుట్ట గురించి తప్పు విన్నారా?

జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో కట్టిన ఈస్ట్‌గేట్ భవనం చెదపుట్టలా, పొగగొట్టం పద్ధతిలో, ఏసీ లేకుండా చల్లబడుతుందని ఎక్కడ చూసినా రాస్తారు. భవనం బాగానే పనిచేస్తోంది. కానీ చెదపుట్ట అలా పొగగొట్టంలా పనిచేయదని, బయటి గాలి కుదుపులతో ఊపిరితిత్తిలా ఆడుతుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. తప్పుగా అర్థం చేసుకున్నా మంచి భవనం వచ్చింది! మరో సంగతి. హరారే ఎత్తున్న పీఠభూమి, రాత్రి బాగా చల్లబడుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో రాత్రి కూడా ఉక్కపోతే. రాత్రి చలిని గోడల్లో దాచుకునే ఉపాయం ఇక్కడ అంతగా పారదు. మనకు నీడా, ఎదురుబొదురు కిటికీలూ ముఖ్యం.

గుండ్రటి గదిలో బీరువా

ఇది అసలు సమస్య. ఇనుప బీరువా గుండ్రటి గోడకు ఆనదు. వెనక మిగిలిన సందులో బొద్దింకలు కాపురం పెడతాయి. దీనికి జవాబు తిరువనంతపురం బస్టాండు దగ్గరి ఇండియన్ కాఫీ హౌస్‌లో ఉంది. ఆర్కిటెక్టు లారీ బేకర్ కట్టిన ఆ ఎర్ర ఇటుకల భవనం లోపల నత్తగుల్లలా చుట్టలు తిరుగుతూ పైకి ఎక్కుతుంది. బల్లలూ అరుగులూ గోడతో పాటే కట్టేశాడు, విడిగా కుర్చీలు కొనే పనే లేదు. మన పల్లె అరుగు కూడా అంతేగా, ఇంటితో పుట్టిన సోఫా!

ఇక వాస్తు. గుండ్రటింటికి ఈశాన్యం మూల ఏదని అడిగేవాళ్లకు జవాబు నా దగ్గర లేదు. చుట్టిళ్లలో తరతరాలు బతికినవాళ్లను అడగాలి.

పోటు గీత తర్వాతే ప్లాను

2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం, జనం ఒత్తుగా ఉన్న పల్లెల్లో పెద్ద పోటు గీత నుంచి 50 మీటర్లు, పల్చగా ఉన్నచోట 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కుదరవు. చదరపు కిలోమీటరుకు 2161 మంది అన్నది ఆ రెండింటికీ మధ్య గీత. సెంటు కొనేముందు ఇది చూసుకోవాలి, కొన్నాక కాదు.

దీపం ఎవరికి కనిపిస్తుంది?

మన తీరానికి ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. నెలన్నర, రెండు నెలలకు రాత్రిపూట పిల్లలు బయటికొచ్చి, ఎటు వెలుగు ఎక్కువుంటే అటు నడుస్తాయి. చీకటి తీరంలో ఆ వెలుగు సముద్రానిదే. ఒడ్డున ఇంటి డాబా మీద తెల్లటి బల్బు వెలిగితే అవి సముద్రానికి వీపు పెట్టి ఇంటివైపు పాకుతాయి. తెల్లారేసరికి కాకులూ కుక్కలూ ఉంటాయి. బల్బుకు డొప్ప పెట్టి కిందికి తిప్పడం, ఆ నెలల్లో సముద్రం వైపు దీపాలు ఆర్పడం ఒక మార్గం. చూరు బాగా కిందికి దిగిన చుట్టింటికి ఆ బాధ తక్కువ. లోపల ఎంత దీపం పెట్టుకున్నా వెలుగు వాకిలి దాటి పెద్దగా పోదు.